మెరూన్ టోపీ

చెల్లె భాగ్యశ్రీకి,

నువ్వు ఫోన్ ఎత్తుతలేవని ఈ చిట్టీ రాస్తున్న. మీ మరిది జగదీశ్వర్ రేపు ఆదిలాబాద్ వస్తున్నడంట, ఆయన చేతికిస్త.

ఆడ చలి మస్తుగుందంట గదా. నీ బిడ్డ మాన్య చేతులకు తొడుగులు అల్లి పంపుతున్న. టోపీ మాత్రం అల్లలే. పోయినేడు పురుడు నాడు నేను తెచ్చిన మెరూన్ టోపీ ఇంకా ఉన్నదా? "కొత్త ఊలు దొరకలేదా అక్కా" అన్నవ్, అందరి ముంగట. పసిపిల్లకు మొదట తొడిగేది పాతబట్టనే ఉండాలె, గది మన రివాజు. గందుకే అమ్మ స్వెటర్ విప్పి, ఆ ఊలుతోని అల్లిన. రంగు చూసి నువ్వే గుర్తుపడ్తవనుకున్న. పోయినోళ్ల బట్ట అని తెలిస్తే మీ అత్తమ్మ ఏమంటదో అని నేను నోరిప్పలే. తినకుండనే వచ్చేసిన.

ఇప్పుడది పొల్ల తలకు పట్టదు. పారెయ్యకు. క్రోషియా అల్లిక కొస గుంజితే మొత్తం ఊడొస్తది. నా దగ్గర ఆ ఊలుదే ఇంకో ఉండ మిగిలింది, రెండూ కలిపి పెద్దగ అల్లుత. పొల్ల తల చుట్టూ దారం పెట్టి, కత్తిరించి, ఆ టోపీతోని పాటు పంపు. చెవులు మునిగేటట్టు కొలువు, లేకుంటే గాలి దూరుతది.

దారం పంపుడు నీతోని కాకపోతే పొల్లనే తీస్కరా. మీ ఇంట్ల నేను తినలే, నువ్వు మాత్రం మా ఇంట్ల తినే పోవాలె.

యాకుత్‌పురా నుంచి,
మీ అక్క