ఎడమవైపు ఎగిరిన ఖాళీ తూటా

శాలిబండ కాకకు,

కొత్త రైఫిల్ ఎట్లుందో రాసివ్వమన్నారు. నాలాంటి సీనియర్ షూటర్ బాగుందంటే క్లబ్బు కమిటీ కొనడానికి ఒప్పుకుంటుందని కోచ్‌గా మీకు తెలుసు. రాస్తున్నాను. మస్తుగా ఉంది. ఒక్కో గుండుకూ బోల్టు లాగి తూటా ఎక్కించే పని లేదు కాబట్టి గురి మీది నుంచి కన్ను కదలదు. ట్రిగ్గర్ మెత్తగా ఉంది.

పట్టుకుంటే కొంచెం వింతగా అనిపించింది. కొత్తది కదా అనుకున్నాను. మొదటి గుండు పేల్చగానే కాలుతున్న ఖాళీ తూటా ఎడమవైపు ఎగిరి నా చెంపకు తగిలింది. కుడిచేతివాళ్ల రైఫిల్లో అది కుడివైపు పోవాలి. ఇది ఎడమచేతివాళ్ల కోసం చేసింది. మన క్లబ్బులో ఎడమచేతివాటం మీ కూతురు స్రవ్య ఒక్కతిదే.

"నీ కోసమే తెప్పిస్తున్న బిడ్డా, పాతదాన్తోని చెయ్యి ఖరాబు చేసుకోకు" అన్నారు మీరు. ఆ మాట నమ్మి వేసవంతా పాత రైఫిల్ ముట్టుకోలేదు. ఆదివారం జట్టు సెలెక్షన్. స్రవ్య కూడా పేరిచ్చిందని నిన్ననే తెలిసింది.

చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు మీరు దాని ఎడమచేతి మీద కొట్టేవారు. నేనే అడ్డం వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ చేతికి సరిపోయేది మీరే వెతికి తెచ్చారు, సంతోషం. నాకొక మాట చెప్పి తేవలసింది.

పాత రైఫిల్ ఎవరికీ ఇవ్వకండి. ఆదివారం దానితోనే దిగుతాను.

"చెంప మీద గా మచ్చ ఏంది?" అని బాపు అడిగిండు. పోపు చిట్లిందన్నాను. తమ్ముడంటే ఆయనకు ఇంకా ప్రాణమే.

మీ అన్న కూతురు