నయమైపోయిన దర్జీ

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
అల్లూరు బజారులో దర్జీ పని చేసుకొను షేక్ దరియావలి, వయసు ముప్పై, వ్రాసుకొను అర్జీ.

విషయం: నాకు నయం కాలేదని ఆసుపత్రి కంప్యూటరుకు తెలియజేసి, రెండవ ఆపరేషను చేయించుట గురించి.

అయ్యా,

1. నాకు పైలోనిడల్ సైనస్ అను వ్యాధి కలదు. అనగా తోకెముక మీద, పిరుదుల నడిమి గాడిలో వెంట్రుకలు చర్మంలోకి దిగి, గడ్డకట్టి, చీము కారును. సదరు స్థలమును నేను ఇంతవరకు చూడలేదు. తమ ఆసుపత్రిలో చూడనివారు లేరు.

2. మొదట అల్లూరులోనే గడ్డ కోయించి చీము తీయించుకొంటిని. ఉపశమనం కలిగినది, మళ్లీ వచ్చినది. అప్పుడు తమ సర్జన్ రెజీనా మేడమ్ గారు ఓపికగా దారులన్నీ చెప్పినారు. గడ్డ మొత్తం తీసి పుండును తెరిచి వదిలితే అడుగు నుంచి అదే పూడుతుంది, గానీ వారాల తరబడి రోజూ కట్టు మార్చాలి. తీసి నడిమిన నిలువుగా కుట్టేస్తే తొందరగా లేచి తిరగవచ్చు, గానీ ఆ గాడిలో కుట్టు విచ్చుకునే భయం ఎక్కువ. పక్క నుంచి చర్మాన్ని కండతో సహా జరిపి కప్పితే కుట్టు గాడికి దూరంగా పడుతుంది, జబ్బు తిరగబెట్టడం తక్కువ. నాకు ఈ చివరిదే మేలన్నారు.

3. ఇక్కడ నా వృత్తి నన్ను చెడగొట్టినది. కొత్త ప్యాంటుకు అతుకు వేసిన దర్జీ మొహం మా బజారులో ఎవరూ చూడరు. "అతుకు వద్దు మేడమ్, నిలువు కుట్టే వేయండి" అంటిని. "ఇది గుడ్డ కాదు దరియావలీ, ఒళ్లు" అన్నారామె. నేను వినలేదు. కుట్టు చక్కగానే వేసినారు, నయమైనదని రాసి పంపినారు. ఇంటికి పోయిన తర్వాత విచ్చుకున్నది.

4. ఇప్పుడు మేడమ్ గారు ఆ పక్క కండ పద్ధతే చేద్దామన్నారు. కౌంటరులో మాలకొండయ్య గారు కంప్యూటరు చూసి, "నయమైందని ఉండాదే అన్నా. నయమైనోడికి మళ్లా ఎట్టా రాసేది?" అన్నారు.
"కాలేదన్నా, చీము కారతా ఉండాది" అంటిని.
"నాకు తెలుసు. దీనికి తెలవదు గదా" అని పెట్టెను చూపించినారు.
మేడమ్ గారి చీటీ కొత్త జబ్బుకైతేనే చెల్లుతుందట. పాత జబ్బు నయమైపోయిందట, కొత్తది రాలేదట. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని అందరూ ఊరికే అంటారు. నాకు గొయ్యి ఉన్నమాట నిజం.

5. కత్తిరింపు నిలబడి చేయగలను. కుట్టడానికి కూర్చోవలెను. రంజానుకు ఒప్పుకున్న బట్టలు ముక్కలుగానే బల్ల మీద ఉన్నవి. బస్సులో జాలిపడి సీటు ఇస్తారు, వద్దంటే కోపపడతారు. నమాజులో మోకాళ్ల మీద కూర్చోలేకున్నానని మసీదులో కుర్చీ వేయించినారు. అయ్యా, కుర్చీయే కదా నా బాధ. నా భార్య జబీనా రోజూ కట్టు మారుస్తుంది. మొన్న "ఎట్టుండాది?" అని అడిగితే, "నీకు కనపడకపోవడమే మంచిదయింది" అన్నది. ఆ రోజు నుంచి నాకు భయంగా ఉన్నది.

కావున తాము దయతో చిత్తగించి, నయమైనవాడినన్న గౌరవమును నా మీద నుంచి తొలగించి, నన్ను మరల రోగిగా స్వీకరించవలెను. ఈసారి అతుకు నాకు సమ్మతమే. ఎక్కడిది తీసి ఎక్కడ వేసినా కిక్కురుమనను.

తమ విధేయుడు,
షేక్ దరియావలి

తా.క.: ఈ కాగితం తెచ్చినప్పుడు మీ గది బయట అటెండరు "సారు పిలుస్తారు, కూర్చోన్నా" అంటాడు. నేను గోడ పక్కన నిలబడే ఉంటాను, మర్యాద తెలియనివాడినని అనుకోవద్దు. ఎంతసేపైనా ఉంటాను సార్. కంప్యూటరు నమ్మకపోతే మీరైనా ఒకసారి బయటికి వచ్చి చూడండి. అక్కడే చూపిస్తాను. నాకు సిగ్గు పోయి చాలా రోజులైంది.