పుట్టింటి మాట

శంషాబాద్,
14-8-1996

గౌరవనీయులైన లింగమ్మ గారికి,

నర్సింగ్ విద్యార్థిని సనోబర్ నమస్కరించి రాస్తున్నది. మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. చదువులో భాగంగా నన్ను ఇక్కడి దవాఖానకు పంపారు. మీ అమ్మాయి రేచల్ అత్తవారిల్లు నేను చూసే వీధిలోనే ఉంది. ఈ ఉత్తరం తెచ్చిన రామచంద్రయ్య మా అటెండరు. ఆయనే చదివి వినిపిస్తాడు.

భయపెట్టాలని కాదు గానీ, దాచను. ఈ ఉదయం చూస్తే రేచల్ కాళ్ళూ మొహం ఉబ్బి ఉన్నాయి. తల పగిలిపోతున్నదంది, కళ్ళు మసకబారుతున్నాయంది. బీపీ చూస్తే చాలా ఎక్కువ ఉంది. నెలలు నిండిన పిల్ల. ఫిట్స్ వస్తే తల్లీబిడ్డా దక్కరు. వెంటనే పట్నం తీసుకుపొమ్మని డాక్టరు గారు జీపు ఇచ్చారు.

మీ వియ్యపురాలు యేసమ్మ గారు గడపకు అడ్డంగా కూర్చున్నారు. మొదటి కాన్పు పుట్టింటోళ్ళది, వాళ్ళను అడగకుంట నేనెట్ల పంపుత, రేపు ఏమన్నయితే లింగమ్మ నన్ను బతకనిస్తదా అన్నారు. కాటేదాన్ కార్ఖానా నుంచి పరుగెత్తుకొచ్చిన మీ అల్లుడు ఆశేర్ కూడా తల్లి మొహం చూస్తూ నిలబడ్డాడు. మా సిస్టరు గారు ఆమెను మొండి మనిషని తిట్టారు. నాకూ ఒళ్ళు మండింది.

మాకు సోషియాలజీ అని ఒక పాఠం ఉంది. సూది వెయ్యడానికి ఈ కులాలూ కుటుంబాలూ ఎందుకని, అన్నం తిన్నాక ఆ క్లాసులో కునుకు తీసేవాళ్ళం. మందు ఎవరికన్నది తర్వాత, ఆ ఇంట్లో ఎవరు చెబితే మింగుతారో ముందు కనుక్కోండి అనేవారు మాజిదా మేడం. కోపం పక్కన పెట్టి కనుక్కున్నాను. ఏడో నెలలో మీరు పురిటికి తీసుకుపోను వస్తే పంపలేదట. ఇగ నా మాట లేకుండ నా బిడ్డను యాడికీ కదిలియ్యొద్దని మీరు వాకిట్లో అని పోయారట. యేసమ్మ గారిది మొండితనం కాదమ్మా, మీరంటే భయం.

అందుకే అడుగుతున్నాను. రేచల్‌ను పట్నం పంపడానికి, అవసరమైతే ఆపరేషన్‌కు, దయచేసి ఒప్పుకోండి.

మీ బిడ్డలాంటిది,
సనోబర్

తా.క.: అమ్మా, మీ జవాబు కోసం నేను ఆగలేదు. జీపు ఈపాటికి ఆరాంఘర్ దాటి ఉంటుంది. మీ ఊరి పోస్టాఫీసుకు ఫోన్ చేస్తే కలవలేదు. కలిసిందనీ, మీరు సరేనన్నారనీ యేసమ్మ గారితో చెప్పాను. ఆమె వెంటనే లేచి, తనే కోడలి చెయ్యి పట్టి జీపు ఎక్కించింది. అడిగించుకోవడం మీ హక్కు కాబట్టి ముందు అడిగి, ఆనక నిజం రాశాను. ఆపరేషన్ మాటొస్తే మాత్రం మీ నోటితో విన్నాకే సంతకం పెడతానన్నాడు ఆశేర్. రామచంద్రయ్య వెంట ఇప్పుడే పట్నం దవాఖానకు బయల్దేరండి. పొద్దున ఫోన్‌లో సరేనన్నది నిజమేనా అని వాళ్ళు అడుగుతారు. ఔననండి. నన్ను తర్వాత తిడుదురు గాని.