కరెంటు పోనంత సేపు

అవ్వా,

నన్ను కన్న నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఈ ఉత్తరం చదవవని తెలుసు. అయినా ఇవాళ విన్నది నీకే చెప్పాలి.

ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, పరిశోధన కోసం రాసుకోవడం ఇప్పుడు నా పని. కరీంనగర్‌లోనే కూర్చుని చేస్తాను. పొద్దున నేతపని చేసే ఒకామె మాట్లాడింది. పేరూ ఊరూ నీకైనా చెప్పకూడదు. వెనక మరమగ్గాల మోతకి సగం మాటలు వినపడక, "అక్కా, జర చప్పుడు లేని కాడికి పోయి మాట్లాడుతవా?" అన్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడు.

"వద్దు చెల్లె. మా ఆయన గీ షెడ్డులనే అటు మొకం వెట్టి సాంచ నడుపుతుండు. గీ మోత ఉన్నంత సేపే నా మాట ఆయనకు ఇనవడది. కరెంటు పోతె ఫోన్ బంద్ చేస్త. నువ్వు మళ్ల చెయ్యకు."

అంత మోతనూ ఆమె తలుపులా మూసుకుని కూర్చుంది! చేతులు మాత్రం నూలు కండెలు చుడుతూనే ఉన్నాయట. ఫోన్ చెవికి అదుముకుని విన్నాను. మళ్లీ చెప్పమని ఒక్కసారీ అడగలేదు.

అప్పుడు నువ్వు కళ్లముందు కదిలావు. బాపు సాంచ నడుపుతుంటే, ఆ మరమగ్గం మోతలో పక్కింటి రాజవ్వత్తతో కండెలు చుడుతూ పెదాలు కదిపేదానివి. చిన్నదాన్ని, పాడుతున్నావనుకునేదాన్ని. అత్త కళ్లు తుడుచుకునేది. కరెంటు పోగానే నీ పాట మధ్యలోనే ఆగిపోయేది.

"మిగిలింది గూడ పాడవే అవ్వా" అని బాపు ముందే గొడవ చేసేదాన్ని.