గడియారం పక్కన బొమ్మ

కమలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇన్నాళ్లూ నేను కంప్యూటర్ ఆన్ చేయగానే, నువ్వు బిడ్డతో మాట్లాడే ప్రోగ్రాం దానంతటదే మొదలయ్యేది. భూపాలపల్లిలో ఉన్న బిడ్డకు తన తెర మీద నీ పేరు పక్కన పచ్చ చుక్క వెలిగేది.

"బాపూ, అమ్మ అచ్చిందేమో అని గుండె ఝల్లుమంటది. జర బందువెట్టు," అనేది.

నేను మూసినా అది తెర కింద మూలన గడియారం పక్కన చిన్న బొమ్మయి నడుస్తూనే ఉండేది. మొత్తం తీసేస్తే, నువ్వు రికార్డు చేసి పంపిన మాటలు పోతాయని భయం.

ఇవాళ బిడ్డ ఎట్లా ఆపాలో ఫోన్‌లో చెబుతుంటే, ఆ బొమ్మను నొక్కి, దానంతటది మొదలుకాకుండా ఆపాను. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, "చుక్క కనవడ్తుందా?" అన్నాను.

"లేదు బాపూ. అమ్మ మాటలు అండ్లనే ఉన్నయ్, పరేషాన్ గాకు."

నాకు నిమ్మళమైంది. నర్మెట్టలో మన కొత్త కాపురంలో నువ్వు పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పి పడుకునేదానివి. పొద్దున ఊదితే మండేది. నీ మాటలను అట్లా పెట్టుకున్నాను.