కుర్చీలు చాలక నిలబడ్డ జనం

పత్రిక బాబుకి,

కుర్చీల కొట్టు నుంచి రాస్తున్నాను. క్షేమసమాచారాలు తర్వాత. ముందు తగువు.

మీ నాన్న బతికున్న రోజుల నుంచీ కడుపులో పెట్టుకు తిరుగుతున్న మాట ఇది. ఇక మొయ్యలేను. నీ వారపత్రికలో 'ఊరి కబుర్లు' అని ఒక పేజీ వేస్తావు. పెళ్ళయినా, నాటకమైనా, గేదెల పోటీ అయినా, కింద ఒకటే మాట: 'కుర్చీలు చాలక జనం నిలబడే తిలకించారు.'

ఈ ఊళ్ళో కుర్చీలు అద్దెకిచ్చేది ఎవడు? నేనొక్కణ్ణే. చాలలేదంటే ఎవరి తల కొట్టేసినట్టు? మొన్న టైలరు కూతురి పెళ్ళిలోనూ చాలలేదని వేశావు. గోడ వెనక ఇంకో బండెడు కుర్చీలు మడిచి పెట్టి, వాటి మీద నేనే పడుకుని ఉన్నానయ్యా! క్షవరం షాపుకి పోతే, "రా తాతా, నిలబడే చేయించుకుంటావా? మా దగ్గరా కుర్చీ చాలదు" అని నవ్వుతున్నారు. సగం గడ్డంతో లేచి వచ్చేశాను.

ఏ సభలోనూ నా వల్ల ఒక్క మనిషి నిలబడలేదు. అది నా నోటి మాట కాదు, నా బతుకు. తప్పు దిద్దుకో.

ఇట్లు,
కుర్చీల తాత

తాజాకలం: ఆ పెళ్ళిలో నిలబడ్డవాడు ఒక్కడే, మాంసం కొట్టు పెద్దోడు. వాడికి సెగ్గడ్డ లేచింది. ఎక్కడ లేచిందో పత్రికలో వెయ్యకు.

*

పూజ్యులైన కుర్చీల తాతగారికి,

పత్రికవాడి నమస్కారాలు. మీ ఉత్తరం చూసి నివ్వెరపోయాను. తాతగారూ, అది పొగడ్త! జనం విరగబడి వచ్చారని చెప్పడం. మీ కుర్చీల మీద నింద కానే కాదు.

అసలు సంగతి చెప్తాను. మాది చేత్తో అక్షరాలు పేర్చే ప్రెస్సు. ప్రతివారం పేర్చే శ్రమ ఎందుకని మా నాన్న ఆ వాక్యాన్ని ఒకసారి సీసపు అక్షరాలతో పేర్చి, దారంతో కట్టి అరలో పెట్టారు. ఏ ఉత్సవం జరిగినా ఆ కట్ట తీసి వార్త కింద ఇరికించడమే. ఆ దారం ఇప్పటిదాకా ఎవరూ విప్పలేదు. మీ గౌరవం కోసం ఈ వారం విప్పుతున్నాను. మీ మనసు కుదుటపడేలా కొత్త వాక్యం వేస్తాను.

భవదీయుడు,
పత్రికవాడు

తాజాకలం: ఆ పెళ్ళిలో మీ కుర్చీ మేకు మా ఆవిడ కొత్త చీరని జానెడు చింపింది. అది మాత్రం పత్రికలో వెయ్యలేదని మనవి.

*

పత్రిక బాబుకి,

నీ కొత్త వాక్యం చూశాను. కళ్ళు చల్లబడ్డాయి. నోట్లో మట్టి పడింది.

సంగీతం టీచరమ్మ పిల్లల కచేరీ బ్రహ్మాండంగా జరిగిందని రాసి, కింద 'కుర్చీలు ఎన్నో మిగిలిపోయాయి' అని వేస్తావా? వీపు తట్టమంటే నడుం విరగ్గొట్టావు కదయ్యా. తెల్లారేసరికి టీచరమ్మ మా వాకిట్లో ఉంది.

"ఏం పెద్దాయనా, నా పిల్లలు గొంతు చించుకుని పాడుతుంటే నువ్వు ఖాళీ కుర్చీలు చూస్తూ కూర్చున్నావా?"

"రాసింది నేను కాదమ్మా."

"నీ కోసమే రాశానన్నాడు ఆ పత్రికాయన!"

నా కోసమని చెప్పావా? శభాష్. మా ఆవిడ మంచినీళ్ళిస్తే ఆవిడ తాగకుండా వెళ్ళిపోయింది. పాడే మనిషి అరిస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అరుపు కూడా శ్రుతిలోనే ఉంది.

ఇంతటితో ఆగలేదు. కుర్చీలు మిగలడం అవమానం, చాలకపోవడం గౌరవం అని ఊరికి తలకెక్కించావు. నాటకాల వాళ్ళొచ్చి సగానికి సగం చాలన్నారు. "మరి మిగతా జనం?" అంటే, "నిలబడతార్లే తాతా, పత్రికలో బాగుంటుంది" అన్నారు. మోకాళ్ళు అరిగిన ముసలమ్మని గోడకానించి నిలబెట్టి గొప్ప చెప్పుకుంటారా? పది మందికి పాతిక వేసే చెయ్యి నాది. ఇవ్వనని పంపేశాను.

ఇట్లు,
కుర్చీల తాత

తాజాకలం: మందుల షాపాయన ఇంకా తెలివైనవాడు. "కుర్చీలు నిండుగా వెయ్యి తాతా, కాళ్ళు విరిగినవి చూసి వెయ్యి" అన్నాడు. జనం నిలబడతారు, నొప్పుల మందూ అమ్ముడుపోతుంది.

*

పూజ్యులైన తాతగారికి,

తప్పయిపోయింది. టీచరమ్మగారు నా దగ్గరికీ వచ్చారు. నా చెవులు ఇంకా మోగుతున్నాయి.

ఇప్పుడొక పెద్ద విషయం. ఆదివారం మన ప్రసవాల నర్సమ్మగారికి బడి ఆవరణలో వీడ్కోలు సభ. ఆస్పత్రి ఉద్యోగం ముగించి చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నారు. ఈ ఊళ్ళో సగం మంది పుట్టగానే చూసిన మొదటి ముఖం ఆవిడది. నేనూ ఆ చేతుల్లో ఏడ్చినవాణ్ణే. ఆవిడ సభ గురించి రాసేటప్పుడు ఆ పాత వాక్యం లేకపోతే వెలితిగా ఉంటుంది తాతగారూ. సభకి పెద్దగా ఉంటున్న మిల్లు యజమానిగారు కూడా కుర్చీలు కాస్త తగ్గించి వెయ్యమంటున్నారు. ఈ ఒక్కసారికీ, ఆ అమ్మ కోసం, పది మందిని నిలబడనివ్వండి. కాదనకండి.

మీ పిల్లలాంటి
పత్రికవాడు

తాజాకలం: మిల్లు యజమానిగారి ఉపన్యాసం ముందే చూశాను. అది వినడానికైతే కుర్చీలు కాదు, మంచాలు కావాలి.

*

పత్రిక బాబుకి,

కుదరదు.

నా పెద్ద కూతురు పుట్టేటప్పుడు అడ్డం తిరిగింది. నర్సమ్మ ఉద్యోగంలో చేరిన కొత్త. పురిటి మంచం పక్కనే నిలబడింది. సాయంత్రం నిలబడింది, తెల్లారినా నిలబడే ఉంది. నేను కుర్చీల వ్యాపారం చేసేవాణ్ణి, ఆవిడకి ఒక కుర్చీ తెచ్చి వెయ్యాలని నాకు తోచలేదు. తల్లీ బిడ్డా దక్కారు. ఆవిడ సభలో జనాన్ని నిలబెట్టమంటావా?

నా కొట్టులో ఉన్నవన్నీ వేస్తాను. అవి చాలవని పక్క ఊరి నుంచి ఇంకో రెండు బళ్ళు తెప్పిస్తున్నాను. బడి బెంచీలూ అడిగాను. ఆదివారం ఆ ఆవరణలో కుర్చీ లేక ఒక్క ప్రాణి నిలబడిందా, ఈ వ్యాపారం మానేస్తాను. నా కుర్చీలు పొయ్యిలోకి. మాటంటే మాటే. సాక్షి నువ్వే.

ఇట్లు,
కుర్చీల తాత

తాజాకలం: పళ్ళ డాక్టరు తన షాపులో కుర్చీ కూడా ఇచ్చాడు. అది వెనక్కి వాలుతుంది, పైకి లేస్తుంది. దాన్ని మిల్లు యజమానికి వేస్తున్నాను. ఉపన్యాసం మరీ సాగితే మీట నా చేతిలో ఉంటుంది.

*

పూజ్యులైన తాతగారికి,

నిన్నటి నుంచీ కలం కదలడం లేదు. నేను వేదిక దగ్గర కెమెరాతో ఉన్నాను. నర్సమ్మగారు గేటు దాటగానే అందరం లేచాం, లేచినవాళ్ళం లేచినట్టే ఉండిపోయాం. ఆవిడ వేదిక మీదికి రాలేదు. నడుచుకుంటూ పోయి చిట్టచివరి వరసలో మీ పక్కన కూర్చున్నారు. మీ చెవి దగ్గర తల పెట్టి అంతసేపు ఏదో చెప్పారు! ముందున్న మాకు ఒక్క ముక్క వినపడలేదు. అందరూ వేళ్ళు పెదవుల మీద పెట్టుకుని సైగలు చేస్తుంటే మేమూ ఊపిరి బిగబట్టాం.

ఏం చెప్పారో తలో మాట అంటున్నారు. ఊళ్ళో అందరి పుట్టుక రహస్యాలూ మీకు అప్పజెప్పారని టైలరు. ఆస్తి మీ పేర రాశారని మందుల షాపాయన. మిల్లు యజమానిగారైతే తన ఉపన్యాసం గురించే అయి ఉంటుందని బెంగ పెట్టుకున్నారు. నిజం మీరే చెప్పాలి. అది లేకుండా పేజీ అచ్చుకి వెళ్ళదు.

ఇంకో సంగతి. జనం నిలబడ్డారు కదా, మరి మీ మాట? మీ పెరట్లోంచి గొడ్డలి చప్పుడు వస్తోందని క్షవరం షాపులో చెప్పుకుంటున్నారు. తొందరపడకండి.

భవదీయుడు,
పత్రికవాడు

తాజాకలం: నేను తీసిన ఫోటోలన్నిట్లోనూ జనం వీపులే పడ్డాయి. ఒక్క వీపు మాత్రం గుర్తుపట్టాను. సెగ్గడ్డ తగ్గినట్టుంది.

*

పత్రిక బాబుకి,

గొడ్డలి చప్పుడు మా ఆవిడ కట్టెలు కొట్టేది. కుర్చీల మీదికి ఇంకా రాలేదు. వినుకో.

నా జన్మలో కుర్చీలు నిండడం చూశాను, విరగడం చూశాను, పెళ్ళివాళ్ళు వాటితో కొట్టుకోవడం చూశాను. అన్ని కుర్చీలూ ఒక్కసారి ఖాళీ కావడం మొన్ననే చూశాను. ఆవిడ గేట్లో అడుగు పెట్టింది. ఎవరూ లెమ్మనలేదు. వాన ముందు గాలి లేచినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి జనం లేచారు. కర్రల మీద నిలబడేవాళ్ళు లేచారు. చంకలో బిడ్డతో లేచారు. పళ్ళ డాక్టరు కుర్చీలోంచి మిల్లు యజమాని నా మీట సాయం లేకుండానే లేచాడు. టీచరమ్మ పాడాల్సింది, నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. ఇంతమందినా ఈ పొట్టి మనిషి రెండు చేతుల్తో పట్టుకుంది అనిపించింది.

నేను లేవలేదు. పొగరనుకున్నారు. పొగరు కాదు, లెక్క. ఒక్కడైనా కూర్చుంటేనే కదా కుర్చీలున్నాయని తెలిసేది.

ఆవిడ అటూ ఇటూ చూసింది. కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే కనిపించానేమో, తిన్నగా నా దగ్గరికొచ్చింది. చుట్టూ వందల ఖాళీ కుర్చీలు. నా పక్కదాని మీద చెయ్యి వేసి, "ఇక్కడెవరన్నా వస్తారా తాతా?" అని అడిగింది.

"లేదమ్మా, కూర్చో."

కూర్చుంది. చెప్పులు విడిచింది. "అబ్బ, బాగుందయ్యా కుర్చీ" అంది.

అంతే బాబూ. నువ్వు అడిగే రహస్యం అంతే. ఆ తర్వాత ఒక్క మాట లేదు. ఆవిడ తల నా భుజం మీదికి వాలింది. నిద్రపోయింది.

రాత్రిళ్ళు ఎవరో ఒకరు తలుపు తట్టే మనిషి. ఎన్నేళ్ళ నిద్ర బాకీ ఉందో ఆ కళ్ళకి! వెనకున్నవాళ్ళు చూసి వేలు పెదవి మీద పెట్టారు. ఆ సైగ ముందుకి పోయింది. మీరు రహస్యం అనుకున్నారు. చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. కూర్చుంటే కుర్చీ కిర్రుమంటుందని ఎవరూ కూర్చోలేదు. ఊరు ఊరంతా, ఎండ వాలేదాకా, ఒక్క మనిషి నిద్ర చెడకూడదని నిలబడింది. నా చెయ్యి తిమ్మిరెక్కి ఎవరి చెయ్యో అయిపోయింది. కదిలిస్తానా? ఆవిడ కూర్చోవడానికి నేను వేసిన మొదటి కుర్చీ అది.

నిద్రపోయిందని మాత్రం అచ్చు వెయ్యకు. రహస్యమే చెప్పిందనుకోనీ.

ఇక నా సంగతి. జనం నిలబడ్డారు. మాట ఇచ్చాను. కానీ కుర్చీలు లేక నిలబడ్డారా, ఉండి నిలబడ్డారా? సాక్షివి నువ్వు. ఆ దారం కట్ట వాడతావో, కొత్తగా పేరుస్తావో, ఏం వేస్తావో దాన్ని బట్టే నా కొట్టు ఉంటుంది, పోతుంది.

ఇట్లు,
కుర్చీల తాత

తాజాకలం: లేచాక ఆవిడ సిగ్గుపడి, "గురక పెట్టానా?" అంది. లేదన్నాను. నా బతుకులో ఆడిన పెద్ద అబద్ధం అదే. గురువారం పెళ్ళికి కుర్చీలు కావాలని మనుషులొచ్చి అరుగు మీద కూర్చున్నారు. వ్యాపారం ఉందో మానేశానో తెలియక మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. బుధవారం సాయంత్రంలోగా జవాబు రావాలి. లేదంటే వాళ్ళని నీ ప్రెస్సుకే పంపుతాను, నిలబెట్టే మాట్లాడుకో.