అరసవల్లి రోడ్డులో సున్నం గీత

బెన్హర్ బావకి వందనాలు.

నిన్నటి నుంచి నువ్వు ఫోను ఎత్తడం లేదు. అందుకే కాయితం మీద రాస్తన్నాను. సివరిదాకా సదువు.

అరసవల్లి రోడ్డులో సైకిళ్లకి వేరే దారి కావాలని మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది నేనే. పోయినేడాది ఆటో గుద్దీసి మన షాలిని కాలిరిగిన కాడ నుంచీ, పిల్ల సైకిలెక్కి బడికెల్తే తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

నిన్న ఇంజనీరు వచ్చి సున్నంతో గీత గీయించినాడు. అది నీ పళ్లకొట్టు పందిరి మధ్యలోంచి ఎల్లింది. ఇలాగవుతాదని నేననుకోలేదు బావా.

"ఈ ఒక్క పందిరీ వదిలీయండి సారూ" అని బతిమాలినాను.

"వదిలితే ఇక్కడ పిల్లలు మళ్లీ లారీల మధ్యకే దిగాలమ్మా. వదిలీమంటావా?" అన్నాడాయన.

వద్దన్నాను. ఆ మాట నీకు ఇంకెవరో సెప్పేకన్నా నేనే సెప్పాలని ఈ ఉత్తరం.

సోమవారం అభ్యంతరాలు వింటారంట. నువ్వొచ్చి నా మీద సెప్పినా నేనేటీ అనుకోను. నీ కొట్టుకి పక్కనే చోటు సూపించమని నేనూ అడుగుతాను. ఇస్తారో ఇవ్వరో తెలీదు. అక్క మొహం ఎలా సూడాలో అదీ తెలీదు.

ఈ సాయంత్రం షాలినితో, కొన్నాళ్లు నీ కొట్టుకాడ ఆగొద్దన్నాను.

"ఆగకపోతే ఎలాగమ్మా? రోజూ పెద్దనాన్నే సైకిలు పట్టుకుని మలుపు దాటిస్తాడు" అన్నాది.

నాకిన్నాళ్లూ తెలీదు బావా. ఈవేళ కూడా దాటించినాడా అని భయంభయంగా అడిగినాను.

దాటించినాడంది.

నీ మరదలు